ఎర్రపొట్ట న్యూట్‌కి చల్లటి నీళ్లే ప్రాణం

జపాన్ ఎర్రపొట్ట న్యూట్ చూడ్డానికి బల్లిలా ఉన్నా, నిజానికి కప్పకి చుట్టం. దీన్ని పెంచేవాళ్లకి అసలు పరీక్ష ఎండాకాలమే. నీళ్లు 16–20 డిగ్రీల్లో ఉండాలి. 25 దాటితే తిండి మానేస్తుంది, ఒంటికి బూజు పట్టే ప్రమాదం పెరుగుతుంది. నీటి మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పితే ఆవిరి పోతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఇంకిన నీళ్లు రోజూ నింపుకోవాలి.

రెండు న్యూట్‌లకి 60 సెంటీమీటర్ల ట్యాంకు, స్పాంజ్ ఫిల్టర్ చాలు. నీటి వేగం ఎక్కువైతే పాపం అలిసిపోతుంది. ఫిల్టర్‌ని నాలుగైదు వారాల ముందే నడిపి, నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ (వ్యర్థాల వల్ల నీళ్లలో చేరే విషాలు) సున్నాకి వచ్చాకే న్యూట్‌ని వదలండి. వారానికో పావు వంతు నీళ్లు మార్చండి, క్లోరిన్ పోయినవే పోయాలి. గులకరాళ్లు వద్దే వద్దు: వానపాము ముక్కతో పాటు మింగితే పేగులో ఇరుక్కుంటాయి.

మూత మాత్రం గట్టిగా ఉండాలి. తడి పొట్టని అద్దానికి అంటించుకుని నిలువునా పాకేస్తుంది. గాలి గొట్టం పక్కనున్న సందు చాలు దానికి. బయటపడితే గంటల్లో ఎండిపోవచ్చు.

చేపలతో కలపకండి. దీని చర్మంలో ఉన్నది ఫుగు అనే విషపు చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ విషమే. ముట్టుకుంటే వెంటనే చేతులు కడుక్కోండి.