మా జీడి కోపం వెనకున్న మోకాలు

విశాఖ సీతమ్మధారలో ఉండే మా బంధువులు పుణె వెళ్లిపోతూ వాళ్ల కుక్కని మాకిచ్చారు. పేరు జీడి. తల్లి పొమేరియన్, తండ్రి షిట్జూ. ఎనిమిది నెలల పిల్ల. ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పారు: క్రాస్ కాబట్టి జబ్బులు రావు, కాకపోతే కాస్త కోపిష్టిది.

మొదటి మాట చాలామంది అంటారు, సగమే నిజం. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు 27 వేలకు పైగా కుక్కల రికార్డులు తిరగేసి 2013లో ఓ అధ్యయనం వేశారు. చూసిన 24 జబ్బుల్లో పది జాతి కుక్కలకే ఎక్కువ. పదమూడింటిలో మాత్రం జాతి కుక్కకీ క్రాస్‌కీ తేడా లేదు. మోకాలి చిప్ప జారడం ఆ పదమూడులోదే.

రెండో మాటకి మా వాచ్‌మన్ సాక్ష్యం. ఎత్తుకోబోతే గుర్రుమంది. "ఏటమ్మా ఇది, చెయ్యేస్తే కరిసేస్తాది" అన్నాడు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామని ఎంవీపీ కాలనీలో మా ఇంటి దగ్గరి డాక్టరు గారికి చూపించాను. ఆయన ముందు దాన్ని వరండాలో నడిపించమన్నారు. నాలుగడుగులు మామూలుగా వేసి, ఐదో అడుగుకి వెనక కాలు ఎత్తి కుంటుతూ గెంతి, మళ్లీ దించింది. మేమది అల్లరి అనుకునేవాళ్లం. బొటనవేలితో మోకాలు నొక్కి చూశారు, చిప్ప పక్కకి జారి మళ్లీ చోటుకొచ్చింది. "రెండో గ్రేడమ్మా. నాలుగో గ్రేడైతే తోసినా వెనక్కి రాదు. మీరు నడుం కింద చెయ్యేసి ఎత్తినప్పుడల్లా దీనికి నొప్పి. గుర్రుమనక ఏం చేస్తుంది?"

నోరు తెరిచి చూస్తే కోరపళ్లు జంటగా ఉన్నాయి. పాలకోర ఏడో నెలకల్లా రాలిపోవాలట. చిన్న కుక్కల్లో చాలాసార్లు రాలకుండా ఉండిపోయి, కొత్త పన్నుతో ఇరుక్కుని గార పడుతుంది. ఆపరేషన్‌కి మత్తిచ్చినప్పుడే పీకేద్దామన్నారు, రెండోసారి మత్తు తప్పుతుందని. ఈ ఆలోచన నాకు బాగా నచ్చింది.

మత్తుకి ముందు రక్తపరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు తక్కువ. గోమార్ల జ్వరం, అంటే ఎర్లికియోసిస్. మన విశాఖ ఉక్కపోతలో గోమార్లకి సీజనంటూ ఉండదు. జ్వరంతో కీళ్లు కూడా నొప్పెడతాయని తెలిశాక దాని చిరాకు ఇంకాస్త అర్థమైంది. ఆపరేషన్ వాయిదా, డాక్సీసైక్లిన్ 28 రోజులు. మాత్రని పెరుగన్నంలో కలపొద్దన్నారు, పెరుగులోని కాల్షియం ఆ మందుని పట్టేస్తుందట. పెరుగన్నం మీద పెరిగిన కుక్కకి ఇది శిక్షే. ఉడికించిన చికెన్ ముక్కలో దాచి, వెంటనే నీళ్లు తాగించేదాన్ని.

ఇంట్లో మార్పులు: నున్నటి టైల్స్ మీద రబ్బరు మ్యాట్లు, సోఫా ఎక్కకుండా అడ్డం, మెడపట్టీ బదులు ఛాతీకి వేసే హార్నెస్. పొమేరియన్ రక్తం ఉన్నవాటికి శ్వాసనాళం బలహీనంగా ఉండొచ్చు, మెడ లాగితే బాతులా దగ్గుతాయి. షిట్జూ ముక్కు పొట్టి, రొప్పితే ఒళ్లు చల్లారడం కష్టం. అందుకని వేసవిలో ఆర్కే బీచ్ వాకింగ్ పొద్దు పొడవకముందే.

ప్లేట్‌లెట్లు పెరిగాక ఆపరేషన్, పళ్లు ఒకేసారి అయిపోయాయి. ఎత్తుకోవడం మానేశాం, అదే వచ్చి ఒళ్లో కూర్చునేదాకా ఆగుతున్నాం. ఇప్పుడు చెయ్యేస్తే గుర్రుమనదు. లిఫ్ట్ తలుపు తెరుచుకున్నా, కొరియర్ అబ్బాయి వచ్చినా మాత్రం ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. అది నొప్పి కాదు, దాని స్వభావమే. మందు లేదు, చికెన్ ముక్కతో నచ్చజెప్పడమే.

మోకాలు ఇంకా రెండో గ్రేడులోనే ఉంది. బరువు ఆరు కిలోలు దాటనివ్వకపోతే ఇప్పట్లో సర్జరీ అక్కర్లేదన్నారు. మా అత్తయ్య బిస్కెట్ల డబ్బా పై అరలోకి మార్చాను.