2019 బండికి 2015 చక్రం

పోయిన ఆగస్టులో దుగ్గిరాల దాటాక, వాననీళ్లు నిండిన గుంటలో నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి ముందు చక్రం దభీమని దిగింది. కింద పడలేదు గానీ, అక్కణ్ణించి తెనాలి దాకా హ్యాండిలు చేతుల్లో వణుకుతూనే ఉంది. ఇంటికొచ్చి సెంటర్ స్టాండు వేసి చక్రం తిప్పి చూస్తే రిమ్ము ఒకచోట లోపలికి సొట్టపోయింది. పక్కకి కూడా అవుట్ కొడుతోంది.

"బెండు తీయిస్తే కొంత వస్తుంది గానీ అన్నా, ఆ సొట్ట పోదు. రిమ్ము మార్చుకోవాల్సిందే" అన్నాడు మా మెకానిక్ కుర్రాడు. మార్చేస్తే పోయేది. నాకే తెలివి ఎక్కువైంది. ఆటోనగర్‌లో పాత చక్రం మొత్తంగా దొరికితే అరగంటలో బిగించేసుకోవచ్చు కదా అనుకుని, శనివారం పొద్దున్నే విజయవాడ వెళ్లాను.

విప్పిన బండ్ల సామాన్లు అమ్మే కొట్టు అది. "మీ మోడలే సార్, 2019" అన్నాడు కొట్టతను. నేనూ తక్కువ తినలేదు, చూడాల్సినవన్నీ చూశాననే అనుకున్నాను. రిమ్ము 19 అంగుళాలు, టైరు 90/90. వెనక చక్రం 18 అంగుళాలది కాబట్టి అదీ ఇదీ కలిసిపోయే భయం లేదు. సీలు పక్కకి జరిపి బేరింగు నంబరు కూడా చదివాను. ఆ నంబరులో చివరి రెండంకెలు 02 అయితే లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు, 03 అయితే 17. 04 నుంచి ఆ అంకెని ఐదుతో హెచ్చవేస్తే చాలు. నా చక్రం నంబరు ముందే కాగితం మీద రాసుకెళ్లాను, రెండూ కలిశాయి. డిస్కుతో సహా 1,800కి బేరం కుదిరింది.

కుర్రాడు బిగించేశాడు. యాక్సిల్ సాఫీగా దూరింది, డిస్కు కాలిపర్ మధ్యలోకి సరిగ్గా వచ్చింది, బ్రేకు పట్టింది. నేను మీసం మెలేశాను. బండి తీసుకుని వీధి చివరి దాకా వెళ్లానో లేదో, మీటర్లో పసుపు రంగు ఏబీఎస్ (బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. తాళం తిప్పగానే వెలగడం మామూలే, బండి కాస్త కదలగానే ఆరిపోవాలి. ఐదు కిలోమీటర్లు తిరిగినా ఆరలేదు.

తిరిగొచ్చి రెండు చక్రాలూ పక్కపక్కన పడుకోబెట్టాం. నా చక్రానికి డిస్కు లోపలి వైపు కంతలున్న పల్చటి ఇనప రింగు ఉంది. కొత్తగా తెచ్చినదానికి లేదు. ఫోర్కు దగ్గరుండే సెన్సర్ ఆ కంతలు ఎంత వేగంగా పోతున్నాయో లెక్కపెట్టి చక్రం వేగం కనిపెడుతుంది. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోబోతోందంటే ఏబీఎస్‌కి తెలిసేది దానివల్లే. రింగు లేకపోతే లెక్కపెట్టడానికి ఏమీ లేదు. ఏబీఎస్ చేతులెత్తేసి దీపం వెలిగిస్తుంది. మామూలు బ్రేకు పనిచేస్తుంది, అంతే.

అప్పుడు టైరు అంచు చూశాను. 3815 అని ఉంది. అంటే 2015లో 38వ వారం. ఏబీఎస్ 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకి తప్పనిసరి అయింది 2018 ఏప్రిల్లో, అప్పటికే అమ్ముతున్న మోడళ్లకి 2019 ఏప్రిల్లో. ఆ నాలుగంకెలు కొట్లోనే చదివుంటే సరిపోయేది. బేరింగు చూసిన మొగాణ్ణి, టైరు చూడలేదు.

"ఆ బల్బు పీకేద్దామన్నా, ఇంక కనపడదు" అన్నాడు కుర్రాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఉంటుంది తమ్ముడూ, వద్దన్నాను. ఈ బండి మీద నా కూతుర్ని వానలో ట్యూషన్‌కి దించుతాను. తడి రోడ్డు మీద ముందు చక్రం బిగుసుకుంటే ఏమవుతుందో నాకు ఒకసారి అనుభవమే.

తర్వాత తట్టింది అసలు సంగతి. పాడైంది రిమ్ము, చక్రం మధ్యలో ఉండే హబ్బు కాదు. నా హబ్బు, డిస్కు, రింగు, సెన్సర్ అన్నీ బాగానే ఉన్నాయి. తెచ్చిన చక్రంలో నాక్కావలసింది రిమ్ము ఒక్కటే. ఊళ్లో సైకిళ్ల కాలం నుంచీ చక్రాలకి పుల్లలు, అదే స్పోకులు, అల్లే పెద్దాయన ఒకరున్నారు. రెండు చక్రాలూ ఆయన దగ్గర దించాను.

ఆయన ముందు చేసింది కొలత. విప్పక ముందే నా చక్రం మీద హబ్బు అంచు నుంచి రిమ్ము అంచు దాకా చీపురుపుల్ల పెట్టి, గోటితో తుంచి, జేబులో వేసుకున్నారు. "రిమ్ము ఎటు జరిగి కూర్చోవాలో ఇదే చెబుతుంది బాబూ." రిమ్ముల మీద గుద్దిన అంకెలు, 40 కంతలు, అవి ఎటు వాలి ఉన్నాయో అన్నీ పోల్చారు. పాత పుల్లలు వద్దు, కొత్త సెట్టు తెమ్మన్నారు. అల్లాక చక్రం తిప్పుతూ రిమ్ముకి దగ్గరగా సుద్దముక్క పట్టుకున్నారు. ఎత్తున్నచోట మాత్రమే తెల్లగా గీత పడుతుంది. అక్కడ ఒక పుల్ల వదులు చేసి, ఎదురు వైపుది పావు తిప్పు బిగించి, గీత తుడిచి, మళ్లీ తిప్పడం. గంటన్నర అదే పని. చివరికి చీపురుపుల్ల తీసి పెట్టి చూశారు, సరిపోయింది. స్క్రూడ్రైవర్‌తో పుల్లల్ని వరసగా మీటారు. అన్నీ టింగుమంటున్నాయి, ఒక్కటి టప్పుమంది. దాన్నీ బిగించారు.

పుల్లలకి 700, కూలి 500. టైరు, ట్యూబు నావే వేయించాను, పదేళ్ల నాటి ఆ టైరు అక్కడే వదిలేశాను.

ఈసారి దీపం మా సందు మలుపు తిరక్కముందే ఆరిపోయింది. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మన్నారు, వెళ్తే రెండు పుల్లలు వదులయ్యాయి. డబ్బులు తీసుకోలేదు. 2015 హబ్బు మా మెట్ల కింద ఉంది. ఎవరికైనా కావాలంటే డిస్కుతో సహా ఇచ్చేస్తాను, ఏ సంవత్సరానిదో మాత్రం నిజం చెప్పే ఇస్తాను.