గయ పండా పుస్తకంలో మా చిన్నముత్తాత

గయలో పిండాలు పెట్టాలంటే ముందు పేర్లు కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా అయ్యగారు ఒక తెల్లకాగితం మీద గళ్లు గీసి మా బాపు (నాన్న) చేతిలో పెట్టారు. తండ్రి, తాత, ముత్తాత, వాళ్ల భార్యలు, తల్లి వైపు మళ్లీ మూడు తరాలు, ఆపైన అన్నదమ్ములు, మేనత్తలు, మేనమామలు, పిల్లలు లేకుండా పోయినవాళ్లు, ఇంకా ఎవరు గుర్తుంటే వాళ్లు. బాపు తన తాత దాకా గబగబా రాసి అక్కడ ఆగిపోయాడు. వాళ్ల నాయనమ్మను ఊరంతా "ఆలేరామె" అనేవాళ్లట, పుట్టిల్లు ఆలేరు కాబట్టి. అసలు పేరుతో పిలిచే అవసరం ఎవరికీ పడలేదు.

ఇంకో గడిలో బాపు వాళ్ల తాత తమ్ముడు, అంటే నాకు చిన్నముత్తాత. పేరు తెలుసు, మిగతాదే తెలియదు. మూసీ వరద వచ్చిన మరుసటేడు కాశీకి పోతానని మగ్గం దిగి వెళ్లాడు, మళ్లీ రాలేదు. వరద 1908 సెప్టెంబర్‌లో వచ్చింది కాబట్టి ఆయన వెళ్లింది 1909లో. (మా ఇంట్లో ఏ తారీఖైనా ఇలాగే, వరదకు ముందు, పోలీసు చర్యకు తర్వాత.) కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనుకునే రోజులు. పన్నెండేళ్లు ఎదురుచూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, కర్మ కూడా చేసేశారు.

యాత్రకు ముందు హైదరాబాద్‌లోనే దొరికినంత వెతుకుదామని నేను మొదలుపెట్టాను. ఎవరిని అడిగినా ఒకటే సలహా: ఖాస్రా పహాణీ తీయించు, సేత్వార్ చూడు. రెండూ భూమి రికార్డులే. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో సర్వే నంబర్ల వారీగా పట్టాదారు పేరు, తండ్రి పేరు ఉంటాయి. సేత్వార్ అంతకంటే పాతది, ఉర్దూలో ఉంటుంది, పాతబస్తీలో చదివిపెట్టే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, నిజాం కాలపు కాగితాలు గుట్టలుగా ఉన్నాయి, మొఘలుల నాటివీ ఉన్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి కానీ చాలావరకు భూమి చుట్టూ, శిస్తు చుట్టూ తిరిగే రాతలే. మేం పద్మశాలీలం, భువనగిరి తాలూకాలో మాకు ఒక గుంట పొలం కూడా ఉండేది కాదు. పొలం ఉన్నవాడికి ముత్తాత కాగితంలో దొరుకుతాడు, మగ్గం మాత్రమే ఉన్నవాడికి దొరకడు. ఈ సంగతి ఈ వెతుకులాట మొదలుపెట్టేవాళ్లకు ముందే చెప్పాలని నా అభిప్రాయం, లేకపోతే ఆఫీసుల చుట్టూ తిరిగి మాకు వంశమే లేదేమో అనుకుంటారు.

సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ప్రయాగలో సంగమం, కాశీలో విశ్వనాథుడు, అన్నపూర్ణమ్మ, ఇవన్నీ వెళ్లిన ప్రతివాళ్లూ రాస్తారు, నేను రాయను. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి మన హైదరాబాద్ మీదుగానే కాశీకి వెళ్లి వచ్చాడు, మొత్తం పదిహేను నెలలు పైనే పట్టింది. మేం ఏసీ బోగీలో పడుకుని టీ బాగాలేదని గొణుక్కున్నాం.

గయలో పండాలు (అక్కడి తీర్థపురోహితులు) యాత్రికులను ప్రాంతాల వారీగా పంచుకున్నారు. తెలుగువాళ్ల పండా ఇంట్లో చాప మీద కూర్చోగానే ఆయన తెలుగులోనే అడిగాడు, "ఏ జిల్లా బాబూ?" యాదాద్రి భువనగిరి అన్నాడు బాపు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ జిల్లా 2016లో పుట్టింది, పుస్తకాలు అంతకంటే చాలా పాతవి. నల్లగొండ అన్నాక ఎర్రగుడ్డ చుట్టిన పొడవాటి బహీ (వచ్చిన యాత్రికుల వంశం పేర్లు రాసి ఉంచే పుస్తకం) ఒకటి దించాడు. జిల్లా, తాలూకా, ఊరు, కులం, ఇంటిపేరు, ఈ వరసలో వెతుకుతారు. గోత్రం అడిగి సరిచూసుకుంటారు. మనిషి పేరు ఆఖరున. మా ఊరి పేజీలు తక్కువే. బాపు వేలు పెట్టి చదువుతూ పోతుంటే టెన్షన్ నాకు.

ఒక పేజీలో మా ఇంటిపేరు కనిపించింది. వంకరటింకర తెలుగు అక్షరాలు, వచ్చినవాడు స్వయంగా రాసినట్టే ఉన్నాయి. తండ్రి పేరు, తాత పేరు, అన్న పేరు (అది బాపు వాళ్ల తాతే), తర్వాత తన పేరు, భార్య పేరు, కొడుకు పేరు. పక్కన "హాల్ ముకాం షోలాపూర్", అంటే ప్రస్తుతం ఉండేది షోలాపూర్‌లో. దుందుభి నామ సంవత్సరం, భాద్రపద బహుళం.

సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కదా, దుందుభి అంటే 1862 కావచ్చు, 1922 కావచ్చు, 1982 కూడా కావచ్చు. అదే పేజీలో దుందుభి అనే రాసిన ఇంకెవరో పక్కన 1331 ఫసలీ అని కూడా వేశారు. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, మన నిజాం ఫసలీకి 590 కలిపితే 1921 అక్టోబర్ నుంచి మరుసటేడు అక్టోబర్ దాకా వస్తుంది. అంటే 1922 మహాలయ పక్షం. బాపు వేళ్లు మడిచి లెక్కేసి ఒక్కసారిగా నవ్వాడు. "1921లో మావోళ్లు ఈయనకు కర్మ చేసిన్రు. మరుసటేడు ఈయనే పెండ్లాంబిడ్డతోని వచ్చి వాళ్ల నాయనకు పిండం పెట్టి పోయిండు."

ఆయన అబద్ధం చెప్పి వెళ్లలేదనే నాకనిపిస్తుంది. కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు మార్గం 1929లో గానీ పూర్తి కాలేదు. 1909లో హైదరాబాద్ నుంచి కాశీకి పోవాలంటే ఒక దారి వాడి జంక్షన్ మీదుగా బొంబాయి లైను పట్టుకోవడం, ఆ లైనులో షోలాపూర్ వస్తుంది. బట్టల మిల్లులు, చేతినిండా పని, అప్పటికే మన తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలీలు. కాశీకని బయల్దేరిన నేత కుర్రాడు అక్కడ దిగిపోవడంలో వింతేముంది? ఇంటికి ఒక కార్డు ముక్క ఎందుకు రాయలేదన్నది వేరే సంగతి.

పిండాలు ఫల్గు ఒడ్డున, విష్ణుపాదం గుడిలో, అక్షయవటం కింద పెట్టించారు. ఫల్గులో సీతమ్మ శాపం వల్ల ఇసుకే తప్ప నీళ్లు కనపడవని చెబుతారు, 2022లో రబ్బరు డ్యామ్ కట్టాక దేవఘాట్ దగ్గర నీళ్లు నిలుస్తున్నాయి. గుడి అహల్యాబాయి హోల్కర్ కట్టించింది, నల్లరాయి, లోపల చీకటి, తోపులాట. తల్లికి విడిగా పదహారు పిండాలుంటాయి, కడుపులో మోసినప్పటి నుంచి ఆమె పడ్డ ఒక్కో బాధకు ఒక్కోటి. అక్కడ బాపు గొంతు పెగల్లేదు. ఆలేరామెకు పేరేం చెప్పాలని అడిగితే "మీరు ఏమని పిలిస్తే అదే చెప్పండి" అన్నాడు పండా, అలాగే చెప్పాం. చిన్నముత్తాతకు ఈసారి భార్య పేరుతో సహా పెట్టాం. అక్షయవటం దగ్గర బాపు కాకరకాయ వదిలేస్తానన్నాడు, అది ఆయన ఎప్పుడూ తినడు, నేను గట్టిగా పట్టుబడితే సీతాఫలం వదిలాడు. పండా వీపు తట్టి సుఫలం చెప్పాడు, అంటే వచ్చిన పని ఫలించిందని.

పండా ఇంటికి తిరిగి వచ్చాక బహీలో మా వంతు రాశాం. నేను పట్టుబట్టి అమ్మ పుట్టింటి ఇంటిపేరు, ఊరు కూడా రాయించాను, "కొడుకులు?" అని అడిగితే బాపు నా పేరు చెప్పి, స్పెల్లింగ్ చూసుకోమన్నాడు.

షోలాపూర్‌లో మనవాళ్లను వెతకడం అనుకున్నంత కష్టం కాలేదు. అక్కడ తూర్పు వైపు పేటల్లో ఇప్పటికీ ఇళ్లల్లో తెలుగే. హైదరాబాద్‌లో బాపు స్నేహితుడి వియ్యంకులు అక్కడివాళ్లు, ఇంటిపేరు, గోత్రం, ఊరు, బహీలో ఉన్న పేర్లు పంపితే నోటిమాటగా తిరిగి తిరిగి ఒక నంబర్ వచ్చింది. ఫోన్ ఎత్తింది ఒక పెద్దావిడ. మరాఠీ కలిసిన తెలుగు, కానీ యాస మా నాయనమ్మదే.

"భువనగిరి గుట్ట కనబడేటి ఊరు గదా? మా మామ చెప్పేటోడు, వాళ్ల నాయన ఊరని." బహీలో ఉన్న ఆ చిన్న కొడుకే ఈవిడ మామగారు. దర్భబొమ్మ కథ చెబితే "అట్లనా" అని చాలాసేపు నవ్వింది. తర్వాత గొంతు మార్చి, "నీకు పెండ్లయిందా బిడ్డా? మా మనవడు పూణేల ఇంజనీరు" అంది.

"కాలేదు పెద్దమ్మా, కానీ మనది ఒకటే ఇంటిపేరు."

"అయ్యో, అవు గదనే, వాడు నీకు మేనల్లుడి వరసైతడు," అని, ఫోన్ బాపుకు ఇమ్మంది.