పెద్దనాయన అడిగిన మైలేజీ

మా పిన్నాయన కొడుకు పైలట్. ఎయిర్‌బస్ ఎ320 నియో నడుపుతాడు. మొన్న సెలవుకి కడప వస్తే భోజనాలకి పిలిచాం. సంగటి ముద్ద విరుస్తూనే మా నాయన మొదలుపెట్టాడు. ఆర్టీసీలో రిటైరైన డ్రైవర్ కదా, లీటరుకి ఎన్ని కిలోమీటర్లన్నదే ఆయన లెక్క, "కేఎంపీఎల్ ఎంతొస్తాది రా?"

"మాది గంటకి ఇన్ని కిలోలని లెక్క పెద్దనాయనా. రెండు టన్నుల పైనే తాగుతుంది" అన్నాడు. నాయన ముద్ద ఆగిపోయింది. పాత ఎ320తో పోలిస్తే 15 శాతం పైనే ఆదా అన్నా ఆయన మొహంలో నమ్మకం లేదు.

మావాడు చారు గిన్నె మూత ఒకటి, పెద్ద పళ్లెం ఒకటి పక్కపక్కన పెట్టాడు. పాత ఇంజన్ ఫ్యాన్ 68 అంగుళాలు, తను నడిపేదానికి 81. లోపలికెళ్లి మండే గాలి ఒక పాలైతే, పక్కనుంచి వెనక్కి తోసేది 12 పాళ్లు. అంత పెద్ద ఫ్యాన్ నిదానంగా తిరగాలని, దానికీ దాన్ని తిప్పే టర్బైన్‌కీ మధ్యలో గేర్ పెట్టారట.

"గేరా!" నాయన మొహం అప్పుడు వెలిగింది.

శబ్దం తక్కువ, కాక్‌పిట్ పాతదే కాబట్టి మళ్లీ లైసెన్స్ గొడవ లేదు, హాయే అన్నాడు. విసుగల్లా స్టార్టింగ్ దగ్గరే. ఆపిన కాసేపటికి మళ్లీ స్టార్ట్ చేయాలంటే, వేడికి కొంచెం వంగిన షాఫ్ట్ సర్దుకునేదాకా ఊరికే తిప్పాలి. వెనక ప్రయాణికులు వాచీలు చూస్తుంటారు.

"మరి అదెందుకు కొన్నారు?"

"మమ్మల్నెవరు అడిగారు పెద్దనాయనా?"

"మాకూ అంతే, డిపోలో ఏదిస్తే అదే" అని నాయన ఇంకో ముద్ద వేయించుకున్నాడు.