ఎడమవైపు నొప్పి, గ్యాసు కాదు

ఇరవైల్లో ఉన్న ఆడపిల్ల "గుండెల్లో ఎడమపక్క పొడుస్తోంది" అంటే మనవాళ్ల దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి: గ్యాసు, టెన్షను, పెళ్లి. మూడోది నాకు చెప్పింది ఓ డాక్టరే. "ఈసీజీ బాగుందమ్మా, పెళ్లైతే ఇవన్నీ సర్దుకుంటాయి" అని పాంటాప్రజోల్ అనే గ్యాసు మాత్ర రాసి పంపేశాడు. చెయ్యి వేసి చూడలేదు. ఆ మాట మీద కోపం ఇంకా చల్లారలేదు.

ఆ రాత్రి పక్కకి తిరిగితే కత్తి దిగినట్టుండేది, ఊపిరి సగంలోనే ఆగిపోయేది. నాన్న గుండె అన్నాడు, నేను కేన్సరనుకున్నాను, అమ్మ దుర్గమ్మకి మొక్కేసుకుంది. క్యాజువాలిటీలో ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష), ఎక్స్‌రే అన్నీ నార్మల్. చివరికి డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరమ్మాయి రొమ్ము ఎముక (ఛాతీ మధ్యలో నిలువుగా ఉండేది) అంచున, నాలుగో పక్కటెముక వచ్చి కలిసేచోట బొటనవేలితో నొక్కింది. కెవ్వుమన్నాను. "ఇదేనా నీ నొప్పి?" అంది. అచ్చంగా అదే. ఆవిడ చల్లగా ఉండాలి.

దాని పేరు కాస్టోకాండ్రైటిస్. పక్కటెముకని రొమ్ము ఎముకకి కలిపే మృదులాస్థి, అంటే మెత్తటి ఎముక, దగ్గర పుట్టే నొప్పి; ఎక్కువగా రెండు నుంచి ఐదో పక్కటెముక మధ్యే వస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. విడవని దగ్గు, బరువులెత్తడం, అలవాటులేని వ్యాయామం దీన్ని రేపుతాయి. పైకి వాపు కూడా తేలితే టీట్జె సిండ్రోమ్ అంటారు, 1921లో టీట్జె అనే డాక్టరు వర్ణించిందే. నొక్కితే నొప్పి వచ్చినంత మాత్రాన గుండె జబ్బు లేదని కాదు, కాబట్టి ఈసీజీ ముందు తీయించాల్సిందే.

నొప్పి రొమ్ముదో ఎముకదో తేలకపోతే నొప్పి లేని పక్కకి తిరిగి పడుకోండి. రొమ్ము అటు జారుతుంది, అప్పుడు కింది పక్కటెముకని నొక్కి చూడండి. నెలసరికి వారం పదిరోజుల ముందు రెండువైపులా బరువుగా సలిపి, అది రాగానే తగ్గితే హార్మోన్ల నొప్పి. రెండు మూడు నెలలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటే డాక్టరుకి సగం పని తప్పుతుంది. ముప్ఫై లోపువాళ్లకి మొదట అల్ట్రాసౌండే చేస్తారు. ఆ వయసులో రొమ్ము దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రే) గడ్డలు సరిగా తెలియవు. గడ్డ లేకుండా ఒట్టి నొప్పితో కేన్సర్ బయటపడటం అరుదు.

నాకు రాసింది ఐబుప్రొఫెన్ 400 ఎంజీ నొప్పి మాత్ర, తిన్న తర్వాతే, కొద్దిరోజులు. అల్సర్, ఆస్తమా, కిడ్నీ జబ్బు, గర్భం ఉంటే ముందే చెప్పాలి. వేడి కాపడం పావుగంట. గుమ్మంలో నిలబడి, మోచేతులు భుజాల ఎత్తున ద్వారబంధానికి ఆనించి, ఒక అడుగు ముందుకేసి ఇరవై సెకన్లు. అలా మూడుసార్లు, రోజుకి రెండు పూటలా. లాగినట్టుండాలి గానీ పొడవకూడదు. తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఉందా పోయిందా అని గంటకోసారి నొక్కి చూసుకుంటే అది మానదు.

మొక్కు తీర్చుకున్నాం. నమ్మకం నమ్మకమే, కానీ కొన్నిటికి ఇంట్లో ఆగకూడదు: మెట్లెక్కితే పెరిగే నొప్పి, చెమటలు, దవడకో చేతికో పాకడం, ఉన్నట్టుండి ఆయాసం. గర్భనిరోధక మాత్రలు వాడుతూ ఒక కాలు వాచి ఆయాసమొస్తే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. వీటికి వెంటనే 108. చేతికి తగిలే గడ్డ, చనుమొన నుంచి రక్తం, చర్మం సొట్టపడటం కనిపిస్తే ఆ వారంలోనే సర్జన్ దగ్గరికి వెళ్లాలి.