"ఏ సంవత్సరం?" అని అడిగి పాడుచేశాను

మౌఖిక చరిత్ర, అంటే మనుషుల జ్ఞాపకాలను వాళ్ల నోటే విని రికార్డు చేసి దాచిపెట్టే పని, నేర్పుతుంటాను. నా మొదటి రికార్డింగును శిక్షణకు వచ్చినవాళ్లకు ఇప్పటికీ వినిపిస్తాను, సిగ్గుపడుతూనే. 43వ నిమిషంలో ఒక పెద్దావిడ గొంతు తగ్గించి, "ఆ రాత్రి మా వీధిలో ఎవరింట్లోనూ దీపం వెలగలేదు..." అని మొదలుపెట్టారు. వెంటనే నా గొంతు: "ఏ సంవత్సరం అమ్మా?" ఆవిడ ఆగారు. పెద్దబ్బాయి పుట్టాకనా, ముందా అని వేళ్లు మడిచి లెక్క వేసుకున్నారు. సంవత్సరం తేలలేదు, ఆ రాత్రి సంగతి మళ్లీ రాలేదు. వారం తర్వాత వెళ్లి అడిగితే, "మొన్న చెప్పాను కదా బాబూ" అన్నారు. నిజానికి చెప్పబోయారంతే.

మౌఖిక చరిత్ర శిక్షణ అనగానే అందరూ ముందు పరికరాల గురించే అడుగుతారు. ఆ పాఠం అరపూటలో అయిపోతుంది. ధ్వని నాణ్యత తగ్గని వేవ్ ఫైలు (48 కిలోహెర్ట్జ్, 24 బిట్), మూడు కాపీలు, వాటిలో ఒకటి వేరే చోట. ఫ్యాను ఆపాలి. ముందు ఒక నిమిషం రికార్డు చేసి విని చూసుకోవాలి (అలా వినకుండా గంటన్నర ఖాళీ ఫైలు మోసుకొచ్చింది కూడా నేనే).

మిగతా రోజులన్నీ ఊరుకోవడం నేర్చుకోవడానికే. జంటలుగా కూర్చోబెట్టి, చెప్పేవారు ఆగాక మనసులో పది లెక్కపెట్టి గానీ తర్వాతి ప్రశ్న వేయకూడదంటాను. ఆరు దాకా వచ్చేసరికి అడిగేవాళ్లకు చెమటలు పడతాయి. ఏడో ఎనిమిదో అంకె దగ్గర చెప్పేవారు, "ఇంకో సంగతి..." అంటారు.

మరి తేదీలు అక్కర్లేదా అని ప్రతి బృందంలోనూ ఒకరు నిలదీస్తారు. వాళ్లకు టెర్ని సంగతి చెబుతాను. 1949 మార్చిలో ఇటలీలోని ఆ పట్టణంలో, దేశం నాటో సైనిక కూటమిలో చేరడాన్ని నిరసిస్తూ కార్మికులు ఊరేగారు. పోలీసులతో జరిగిన ఘర్షణలో లుయీజీ ట్రస్తుల్లి అనే యువ ఉక్కు కార్మికుడు చనిపోయాడు. 1970లలో అలెస్సాండ్రో పోర్తెల్లి అనే ఇటలీ మౌఖిక చరిత్రకారుడు ఆ ఊరివాళ్లను కదిలిస్తే, చాలామంది అతను 1953లో చనిపోయాడన్నారు. ఫ్యాక్టరీ 2,000 మందిని తీసేసినప్పుడు జరిగిన వీధి పోరాటాల నాటి మాట అది. పోర్తెల్లి తేదీ దిద్ది ఊరుకోలేదు, వాళ్లు దాన్ని ఎందుకు ముందుకు జరిపి చెప్పారని ఆలోచించాడు. తోటివాడు చనిపోతే అప్పుడు ఏమీ చేయలేకపోయారు. ఆ చావును తాము గట్టిగా తిరగబడిన రోజుల్లోకి తెచ్చి పెట్టుకున్నారు. అసలు తేదీ పాత పత్రికలు చెబుతాయి, ఈ బాధను ఏ పత్రిక చెబుతుంది?

గంట మాటలను కాగితం మీద పెట్టడానికి నాకు ఏడెనిమిది గంటలు పడుతుంది. ఆ ప్రతిని చెప్పినవారికే ముందు చూపిస్తాం. ఒక తాతగారు తమ్ముడి ప్రస్తావన ఉన్న మూడు పేజీలు కొట్టేశారు. అన్నిటికన్నా బాగున్నవి ఆ మూడే. "అంగీకార పత్రం మీద సంతకం చేశారు కదా" అని మా బృందంలో ఒకమ్మాయి వాదించింది. సంతకం పెట్టిన రోజున తాను ఏం చెప్పబోతున్నారో ఆయనకే తెలియదు. పేజీలు తీసేశాం.

మొదటి రికార్డింగును మాత్రం తీసేయలేదు. ఆ వీధివాళ్లు ఎవరైనా ఎప్పుడైనా వింటారేమోనని, విషయ సూచికలో 43వ నిమిషం ఎదురుగా ఇలా రాసిపెట్టాను: "దీపాలు వెలగని రాత్రి. అడిగినవాడు అడ్డుపడ్డాడు."