టెసామోరెలిన్ సూది: కలపడం దగ్గరే జాగ్రత్తంతా (నా అనుభవం)

టెసామోరెలిన్ బరువు తగ్గించే మందు కాదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి లిపోడిస్ట్రఫీ (ఒంట్లో కొవ్వు సర్దుబాటు దెబ్బతినడం) వల్ల పొట్ట లోపల, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వుని కరిగించడానికి 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన మందు. ఇది గ్రోత్ హార్మోన్ కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి చేత దాన్ని విడుదల చేయించే 44 అమైనో ఆమ్లాల పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ గొలుసు). అందుకే మొదలుపెట్టే ముందే ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ వల్ల పెరిగే మరో హార్మోన్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) పరీక్షలు చేయించుకోవాలి. క్యాన్సర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పిట్యూటరీ దెబ్బతిన్నవాళ్లు వాడకూడదు.

నేను వాడేది ఈ మందులోనే ఎగ్రిఫ్టా ఎస్‌వీ అనే బ్రాండు. వయల్‌లో (చిన్న గాజు సీసాలో) 2 మిల్లీగ్రాముల పొడి ఉంటుంది. అందులోకి 0.5 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లు ఎక్కించాలి. పొడి మీద నేరుగా చిమ్మకుండా వయల్ గోడ వెంట మెల్లగా జారనిస్తాను. తర్వాత రెండు అరచేతుల మధ్య పెట్టి అర నిమిషం దొర్లించాలి. ఊపితే నురగొస్తుంది, నురగ ఉంటే కొలత సరిగా రాదు. మందు రంగు లేకుండా తేటగా ఉండాలి. మసకగా ఉన్నా, రేణువులు తేలుతున్నా ఆ వయల్ పారేయడమే.

సిరంజిలోకి తీయాల్సింది 0.35 మిల్లీలీటర్లు, అంటే 1.4 మిల్లీగ్రాములు. మిగిలింది రేపటికని దాచకూడదు. కలిపిన వెంటనే వేసుకోవాలి. వారానికోసారి కలుపుకునే ఎగ్రిఫ్టా డబ్ల్యూఆర్ అనే రకానికి కొలతలు వేరు, ఈ లెక్క దానికి పనికిరాదు.

సూది బొడ్డు కింద, పొట్ట చర్మం కిందికే. రోజూ చోటు మార్చాలి. నిన్న ఎడమ వైపైతే ఇవాళ కుడి వైపు. మచ్చలు, కమిలిన చోట్లు, గట్టిపడ్డ చోట్లు వదిలేయాలి. ఒకే చోట పొడిస్తుంటే ఎర్రబడి దురద పెడుతుంది, ఇబ్బందుల్లో తరచుగా కనిపించేది ఇదే. కీళ్ల నొప్పులు, కాళ్ల వాపు, వేళ్లలో తిమ్మిరి వస్తే ఓర్చుకుంటూ కూర్చోకుండా డాక్టరుకి చెప్పాలి. షుగర్ పెరగొచ్చు కాబట్టి పరీక్షలు మధ్యలో మానకూడదు.

ఫలితం కోసం నేను తూకం చూడను, టేపు చూస్తాను. ఒకే ఎత్తులో, పొద్దున్నే, ఊపిరి వదిలాక నడుము కొలవాలి. చర్మం కింద చేతికి దొరికే కొవ్వు పెద్దగా తగ్గదు, తగ్గేది లోపలిదే. రోగుల మీద జరిపిన క్లినికల్ ట్రయల్స్‌లో 26 వారాలకి ఆ లోపలి కొవ్వు సగటున 15 శాతం దాకా తగ్గింది. మానేస్తే మళ్లీ పేరుకుంటుంది. నడుము కొలతలో గానీ స్కానింగ్‌లో గానీ మార్పు కనిపించకపోతే మందు కొనసాగించాలా వద్దా అన్నది డాక్టరుతో తేల్చుకోవాలి.